చేరగానే ఒక సున్నా

"పంపించమ్మా," అన్నారు మాస్టారు. "ఒక్క నొక్కు. అంతే."

నా ఫోన్లో ఆయన టైపు చేసిన మెసేజ్ సిద్ధంగా ఉంది. 'హారన్ బండి చెడిపోయింది. ఎవరూ ఎక్కొద్దు.' పారిపోయి వచ్చినవాళ్ళని దాచే మా వాళ్ళవి పదకొండు నంబర్లు, అన్నిటికీ వెళ్ళాలి. ఆ పదకొండు మందికీ దాని అర్థం ఒకటే: హారన్ పోలీసుల మనిషి. పోయిన ఏడాది ఒక కరెంటు పనివాడి గురించి ఇలాంటి మెసేజే వెళ్ళింది. వారం తిరక్కుండా అతను కాలవలో తేలాడు. అతనిది తప్పేమీ లేదని ఆ తరవాత తెలిసింది.

హారన్ అంటే మా మరిది. నోటికి విరామం ఇవ్వడు గనక చిన్నప్పటి నుంచీ ఆ పేరే. మా ఆయన పోయాక ఈ లాండ్రీ నేనూ అతనూ కలిసి నడుపుతున్నాం. ఇప్పుడతను వెనక ఆరబెట్టే గదిలో, వేడి గొట్టాల మధ్య స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. బయట గొళ్ళెం పెట్టింది నేనే.

"ఏమిటాలోచన?" మాస్టారు గొంతు తగ్గించారు. "నాలుగు ఇళ్ళు మార్చాం. మూడింటి మీద పడ్డారు. నాలుగూ తెలిసినవాళ్ళు ముగ్గురే. ఇళ్ళు చూసిపెట్టే నేను, ఎప్పుడు కదలాలో చెప్పే నువ్వు, బండి తోలే వాడు. నేను కాదు. నువ్వు కాదు. ముగ్గురిలోంచి ఇద్దర్ని తీసేస్తే ఎంత?"

రిటైరైనా ఆయన లెక్కల మాస్టారే. 'నేను కాదు' అని ఆయన అంత తేలిగ్గా అనడం నాకు నచ్చలేదు. ఆ పొద్దున నాకు ఎవరి మాటా నచ్చడం లేదు.

గోడ గడియారం పదకొండు చూపిస్తోంది. పక్కన దుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద రోలర్ తిరుగుతూనే ఉంది. దాన్ని ఆపలేదు. ఆపితే, పనిదినం పూట లాండ్రీ ఎందుకు చల్లబడిందని వీధి అడుగుతుంది.

మురికి బట్టల గదిలో, ఆస్పత్రి మూటల వెనక, గుమస్తా దాక్కుని ఉన్నాడు. పెద్దాస్పత్రి మార్చురీలో రిజిస్టరు రాసే మనిషి. కూడలిలో కాల్పులు జరిగిన రోజు చనిపోయింది ఏడుగురని ప్రభుత్వం ప్రకటించింది. గుమస్తా తన చేత్తో రిజిస్టరులో రాసుకున్నది అరవై మూడు. మర్నాడు రిజిస్టరు మార్చమన్నారు. అతను ఆ లెక్క ఉన్న తొమ్మిది కాగితాలూ చింపుకుని పారిపోయి వచ్చాడు. మేం వాటిని ఒక దుప్పటి అంచులో కుట్టేశాం. దుప్పటి మీద ఎర్రదారంతో నంబరు: నాలుగు వందల పద్దెనిమిది.

పైదేశాల నుంచి ముగ్గురు విచారణకు వచ్చి పెద్ద హోటల్లో దిగారు. సాయంత్రం ఆరింటికి వాళ్ళ విమానం. ఆ హోటల్ పక్కబట్టలు ఉతికేది మేమే. రోజూ మూడింటికి మా బండి వెనక గేటు దగ్గర ఉండాలి. గేటు కార్డు మీద ఉన్నది మా మరిది ఫోటో. ఇంకో డ్రైవర్‌ని లోపలికి రానివ్వరు.

అంటే, మరిది ద్రోహి అయితే గుమస్తాని అతని బండి ఎక్కించడం పోలీసులకు అప్పగించడమే. కాకపోతే, ఎక్కించకపోవడం కూడా అంతే. రేపటి నుంచి ఆ అరవై మూడు మంది సంగతి వినేవాడు ఉండడు. బండి రెండున్నరకు కదలాలి. నాకున్నది మూడున్నర గంటలు.

"పొద్దున సంగతి చూడు," మాస్టారు వేలు మడిచారు. "ఏడున్నరకి సైకిల్ షాపు అటక మీద దించాడు. తొమ్మిదింటికి పోలీసులు వచ్చారు. సరిగ్గా అప్పుడే నీ మరిది మళ్ళీ అక్కడెందుకున్నాడు?"

"దుప్పటి బండిలోనే మర్చిపోయాడట. ఇవ్వడానికి వెళ్ళాడు. అతను లేకపోతే గుమస్తా వెనక గోడ దూకి ఎక్కడికి పోయేవాడు?"

"అదేనమ్మా నేనూ అంటున్నది. పట్టించేవాడే కాపాడినట్టు కనిపిస్తే ఇంకెవరు అనుమానిస్తారు? సైకిల్ షాపాయన్ని మాత్రం పట్టుకుపోయారు. ఇద్దరు ఆడపిల్లలున్న మనిషి."

ఆ మాటకు నా వేలు మెసేజ్ మీదికి వెళ్ళింది. మళ్ళీ వెనక్కి తీశాను.

"ముందు నేను మాట్లాడతాను," అన్నాను.

ముందుగదిలో కౌంటర్ దగ్గర హారన్ భార్య, మా తోటికోడలు, రసీదులు రాస్తోంది. మేం మనుషుల్ని దాస్తామని తనకి తెలుసు, ఈ గొళ్ళెం సంగతి తెలియదు. నన్ను చూడగానే పెన్ను చెవి మీద పెట్టుకుంది.

"అక్కా, మీ మరిది ఏడి? పొద్దున వచ్చాడన్నారు, మనిషి కనపడడు. బండిలో పెట్రోలు అడుగంటింది. హోటల్‌కి వెళ్ళాలా వద్దా?"

"వెనక పనిలో ఉన్నాడు. పోయిస్తాడులే."

"ఎక్కడ పోయిస్తాడు? పాత రోడ్డు బంకు మూసేశారుగా. పోయిన వారం పోలీసులు పడి బంకంతా తిరగేశారు. పాపం ఆ పెట్రోలు కొట్టే పిల్లాణ్ణి కూడా నాలుగు తన్నారట. ఏం దొరుకుతుంది బంకులో, బూడిద?" తను గొంతు దించింది. "అక్కా, నువ్వేదో దాస్తున్నావు. నీ మొహం ఉతికి పిండినట్టుంది."

"రాత్రి నిద్ర లేదు," అని తప్పించుకున్నాను. ఆ బంకు సంగతి నా చెవిన పడింది కానీ బుర్రలోకి ఎక్కలేదు.

ఆరబెట్టే గది గొళ్ళెం తీశాను. వేడిగాలి మొహాన కొట్టింది. మరిది చొక్కా విప్పి భుజాన వేసుకుని, కారుతున్న చెమటతో నవ్వాడు.

"వచ్చావా వదినా. ఇంకో అరగంట ఆగితే నన్ను మడతపెట్టి బీరువాలో పెట్టుకోవచ్చు."

"హాస్యాలు తరవాత. పది రోజులుగా మధ్యాహ్నం పూట గంటసేపు మాయమవుతున్నావు. ఎక్కడికి?"

నవ్వు పోయింది. మొదటిసారి హారన్ మూగబోయాడు.

"మాస్టారు నిన్ను సంత వీధి వెనక మెట్లెక్కుతుంటే చూశారు. ఆ మేడ మీద ఎవరున్నారు?"

"వదినా, అది అడగొద్దు."

"నీ ప్రాణం మీదికి వచ్చింది అబ్బాయ్. ఈ ఫోన్లో మెసేజ్ టైపు చేసి ఉంది. నేనొక్క నొక్కు నొక్కితే సాయంత్రానికి నీకు ఈ ఊళ్ళో గడప ఉండదు. చెప్పు."

అతను వంగి, మేజోడులోకి చెయ్యి పెట్టి ఏదో తీశాడు. రెండో సిమ్ అనుకున్నాను. పోలీసులిచ్చిన చీటీ అనుకున్నాను.

కళ్ళద్దాలు. మందపాటివి. ఒక పుల్లకి దారం చుట్టి ఉంది.

"కళ్ళ డాక్టరు," అన్నాడు నేలచూపులు చూస్తూ. "ఏడాదిగా మసక. బోర్డులు కనపడవు. నువ్వు వింటే బండి తాళాలు లాక్కుంటావని చెప్పలేదు. పది సిటింగులు అన్నాడు. ఏవో చుక్కలు వేసి గంటసేపు కళ్ళు మూసుకోమంటాడు."

"ఏడాదిగా కళ్ళు కనపడకుండా బండి తోలుతున్నావా?"

"దారి అలవాటే కదా. ఎదుటివాళ్ళే తప్పుకుంటారు. అందుకే హారన్ ఎక్కువ కొడతాను."

నవ్వొచ్చింది. ఆపుకున్నాను. కళ్ళద్దాలు ఎవరి దగ్గరైనా ఉండొచ్చు. డాక్టరు మేడ మెట్లెక్కి, అక్కడ ఎవరితోనైనా మాట్లాడొచ్చు. నేను మెత్తబడకూడదు.

"సరే. మూడిళ్ళు ఎలా తెలిశాయి వాళ్ళకి?"

"నన్నడుగుతావేం? నాకు తెలిస్తే ఈ పొయ్యిలో ఎందుకు కూర్చుంటాను? ఆ ముసలాయన అప్పట్లో నాకు లెక్కల్లో పదమూడు మార్కులు వేశాడు, ఇప్పుడు ప్రాణానికీ మార్కులేస్తున్నాడు." చెమట తుడుచుకున్నాడు. "ఒక్కటి చెప్పు వదినా. నేనే పట్టించేవాణ్ణయితే కోల్డ్ స్టోరేజీ కింద నాలుగు రోజులు ఎందుకు ఊరుకుంటారు? అన్నిటికంటే ఎక్కువ రోజులు ఉన్నది అక్కడే. తోలుకెళ్ళింది నేనే. ఒక్క పోలీసు తొంగిచూశాడా?"

నిజమే. మొదట దర్జీ ఆవిడ ఇల్లు: మర్నాటికి పోలీసులు వచ్చారు. రెండోది పాత రోడ్డులో మూతపడ్డ కోల్డ్ స్టోరేజీ, దాని కింద నేలమాళిగ: నాలుగు రోజులూ ప్రశాంతం. మూడోది మందుల షాపు మీది గది: ఆరు గంటల్లో వచ్చారు. నాలుగోది సైకిల్ షాపు అటక: గంటన్నర.

"ఇంకోటి," అన్నాడు. "నేను చెప్పి ఉంటే తిన్నగా తలుపు దగ్గరికి రారా? పొద్దున వీధి మొదటి ఇంటి నుంచి ఒక్కొక్క తలుపూ తన్నుకుంటూ వచ్చారు. దర్జీ ఆవిడ దగ్గరా అంతే, ముందు పక్కింట్లో దూరారు. వీధి తెలిసింది, ఇల్లు తెలియలేదు. అందుకే ప్రతిసారీ మనవాడు గోడలు దూకగలిగాడు."

వీధి తెలిసింది. ఇల్లు తెలియలేదు. మనిషి చెబితే అలా ఉండదు.

"కోల్డ్ స్టోరేజీకీ మిగతా మూడిళ్ళకీ తేడా ఏముంది?" నాలో నేనే అనుకుంటున్నట్టు అడిగాను.

"ఏముంది, చలి." తల గోక్కున్నాడు. "అక్కడ నీ తిట్లు తిన్నాను. గుర్తులేదూ? చేరగానే సున్నా కొట్టలేదని. నేల కింద సిగ్నల్ ఎక్కడుంది? బంకు దాకా బండేసుకొచ్చి కొట్టాను. అప్పటికే నువ్వు గది ఈ మూల నుంచి ఆ మూలకి తిరిగి తిరిగి..."

అతను ఇంకా ఏదో అంటున్నాడు. నాకు వినపడటం లేదు.

బంకు.

మా తమ్ముడు కాలేజీలో చేరిన రోజు నేనే పెట్టాను ఆ నియమం. వీధులు బాగా లేని రోజులు. ఎక్కడికి వెళ్ళినా, చేరగానే నా ఫోన్‌కి ఒక సున్నా కొట్టాలి. మాటలొద్దు, పేర్లొద్దు, ఊరొద్దు. ఒక్క సున్నా. మెసేజ్ ఎవరు చదివినా అందులో ఏముంటుంది, ఏమీ ఉండదు అని నేనే గొప్పగా చెప్పేదాన్ని. తరవాత మేం పారిపోయినవాళ్ళని దాచడం మొదలుపెట్టినప్పుడు, తోడు వెళ్ళే ప్రతివాళ్ళకీ అదే చెప్పాను. తొమ్మిదేళ్ళుగా సున్నా వస్తేనే నాకు ముద్ద దిగేది.

ఎనిమిది నెలల కింద ఒకరోజు తమ్ముడి సున్నా రాలేదు. వాణ్ణి పోలీసులు పట్టుకుపోయారు. రెండు రోజులకు లాండ్రీకి వచ్చి నా ఫోన్ కూడా పట్టుకెళ్ళారు. మర్నాడు ఒక ఆఫీసరు స్వయంగా తెచ్చిచ్చాడు. "మీకు వ్యాపారం ఉంటుంది కదమ్మా, ఇబ్బంది పడకూడదు," అన్నాడు. ఛార్జింగ్ కూడా పెట్టి మరీ ఇచ్చాడు. అప్పుడది మర్యాద అనుకున్నాను.

తమ్ముడి ఫోన్ వాళ్ళ దగ్గరుంది. తొమ్మిదేళ్ళ సున్నాలు, అన్నీ ఒకే నంబరుకి. దాని అర్థం ఏమిటో చెప్పడానికి ఏ గూఢచారీ అక్కర్లేదు. మెసేజ్ లోపల ఏముందో వాళ్ళకి అనవసరం. అది ఏ టవర్ కింద నుంచి వచ్చిందో చాలు. ఆ సున్నాలు వస్తూనే ఉండాలనే నా ఫోన్ నాకు తిరిగిచ్చారు.

"వదినా? ఏమైంది? కూర్చో, కూర్చో."

"నీ ఫోన్ ఇటివ్వు," అన్నాను.

ఇంకా ఇది నా ఊహ మాత్రమే. ఊహల మీద గుమస్తా ప్రాణం పెట్టలేను. మరిదిని నమ్మాలని నా మనసు కొట్టుకుంటోంది గనక, నా ఊహనే ఎక్కువ అనుమానించాలి.

గొళ్ళెం మళ్ళీ పెట్టాను. మాస్టారి దగ్గరికి వెళ్ళి మరిది ఫోన్ ఆయన చేతిలో పెట్టాను.

"ఒక పరీక్ష. మీ ఫోన్ ఇక్కడ వదిలేసి, దీన్ని ఆపేసి తీసుకెళ్ళండి. ఊళ్ళో మీ ఇష్టం వచ్చిన చోటికి వెళ్ళండి. ఎక్కడికో నాకు చెప్పొద్దు. ఎవరూ ఉండని చోటు చూడండి, ఇంకొకళ్ళ మీదికి రాకూడదు. అక్కడ ఆన్ చేసి, నా నంబరుకి ఒక సున్నా కొట్టండి. ఫోన్ అక్కడే పెట్టేసి, దూరంగా నిలబడి చూడండి."

"ఏం చూడాలి?"

"ఏం వస్తుందో."

ఆయన కళ్ళు చిన్నవయ్యాయి. "మరిదిని బయటపడేయడానికి ఆడుతున్న నాటకం కాదు కదా?"

"మీరెక్కడికి వెళ్తారో నాకు తెలియదు. అతనికి తెలియదు. అతను గొళ్ళెం లోపల ఉన్నాడు. ఇంక నాటకం ఎవరాడతారు మాస్టారూ, మీరు తప్ప?"

ఆ మాట కావాలనే అన్నాను. ఆయన మొహం నల్లబడింది. నా లెక్క నాకుంది. ద్రోహి ఆయనే అయితే, తిరిగొచ్చి 'ఎవరూ రాలేదు' అంటారు. నేరం హారన్ మీద అలాగే ఉండిపోతుంది. 'వచ్చారు' అంటే మాత్రం తాను మోపిన నేరాన్ని తన నోటితోనే కొట్టేసినట్టు. ద్రోహి ఆ పని చెయ్యడు.

"రెండున్నర లోపు రావాలి," అన్నాను.

"ఆ మెసేజ్ మాత్రం చెరపకు," అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

పన్నెండూ నలభై. నా ఫోన్ కౌంటర్ మీద ఒకసారి వణికింది. సున్నా.

తొమ్మిదేళ్ళుగా ఆ చిన్న శబ్దానికి నా భుజాలు దిగేవి. ఈసారి బిగుసుకుపోయాయి. ఫోన్‌ని తాకాలనిపించలేదు. ఎదురుగా ఏదో కూర్చుని నా వంకే చూస్తున్నట్టుంది.

మురికి బట్టల గదిలోకి వెళ్ళి గుమస్తాకి నీళ్ళిచ్చాను. సన్నటి మనిషి. ఒళ్ళో ఎర్రదారం దుప్పటి పెట్టుకుని దాని అంచు తడుముతున్నాడు.

"అమ్మా, ఇక్కడికొచ్చి ఎంతసేపైంది?"

"తొమ్మిదింపావుకి వచ్చారు."

"ఇంతసేపూ ఎవరూ రాలేదే," అన్నాడు అతను. "అదే భయంగా ఉంది. పొద్దున అటక మీదైతే ఈపాటికి..."

మాటలు మధ్యలో వదిలేశాడు. నేను గోడకి ఆనుకున్నాను. లాండ్రీకి వచ్చినప్పుడు మరిది సున్నా కొట్టలేదు. ఎందుకు కొడతాడు? నేను ఎదురుగానే ఉన్నాను.

ఒకటిన్నర. రెండు. మాస్టారి జాడ లేదు. వీధి అవతల ఒక మనిషి చెప్పులు కుట్టించుకుంటూ నిలబడ్డాడు. ఎంతసేపటినుంచి? చెప్పు కుట్టడానికి అంతసేపు పడుతుందా? అతను డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు. ఇంకొకతను వచ్చి నిలబడ్డాడు. ఈసారి అతని మీద అనుమానం.

వెనక నుంచి కేక.

"అక్కా!"

తోటికోడలు ఆరబెట్టే గది తలుపు ముందు నిలబడి ఉంది. తీసిన గొళ్ళెం చేతిలో పట్టుకుని ఉంది.

"నా మొగుణ్ణి గదిలో పెట్టి గొళ్ళెం వేశావా? దొంగలా? వెనక పనిలో ఉన్నాడన్నావు. ఇదా పని?"

"చెల్లీ, నెమ్మది. చెప్తాను."

"ఏం చెప్తావు? పదమూడేళ్ళుగా నీ మాట మీద గీత దాటనివాడు. 'వదిన చెప్పింది' అంటే నా మాట కూడా వినడు. నువ్వేంటి, వాడిని అనుమానించావా?"

లోపలినుంచి మరిది గొంతు: "ఏయ్, అరవకు. నేనే వెళ్ళి కూర్చున్నాను. ఒళ్ళు తగ్గుతుందని."

"నువ్వు నోరు మూసుకో!" అంటూ తను లోపలికి వెళ్ళి అతని పక్కన నేలమీద కూలబడింది. "పెట్టు అక్కా. ఇద్దరికీ కలిపి పెట్టు గొళ్ళెం."

నేను పెట్టలేదు. తీయనూ లేదు. గడప మీదే నిలబడ్డాను.

రెండూ ఇరవై.

వెనక తలుపు తోసుకుని మాస్టారు వచ్చారు. గొడుగు లేదు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఒక చేత్తో రోలర్ అంచు పట్టుకోబోయి, వేడికి చురుక్కుమని వెనక్కి తీసుకున్నారు.

"నీళ్ళు," అన్నారు. తాగారు. ఇంకో గ్లాసు తాగారు. మేం నలుగురం ఆయన చుట్టూ ఉన్నాం. గుమస్తా కూడా మూటల వెనక నుంచి వచ్చేశాడు.

"పాత వాటర్ ట్యాంకు. అటు మేకలు కూడా పోవు. అక్కడ గోడ సందులో ఫోన్ పెట్టి, ఎదురుగా బస్టాపులో కూర్చున్నాను." ఊపిరి పీల్చుకున్నారు. "ముప్ఫై ఐదు నిమిషాలు. మూడు జీపులు, ఒక వ్యాను. చుట్టుపక్కల పొదలు కూడా కర్రలతో కొడుతున్నారు. ఇంకా అక్కడే ఉన్నారు. వీధంతా మూసేశారు. నేను రెండు మైళ్ళు నడిచి బస్సు పట్టుకున్నాను."

రోలర్ తిరుగుతోంది.

మాస్టారు మెల్లగా మరిది వైపు తిరిగారు. "నీకు పదమూడు కాదురా వేసింది. పన్నెండే. ఒకటి నేనే కలిపాను." "తప్పైపోయింది."

"పోనివ్వండి మాస్టారూ. ఆ ఒక్క మార్కుతో సరిపెట్టుకుందాం," అన్నాడు మరిది. తోటికోడలు అతని చెయ్యి వదల్లేదు.

"వాళ్ళంతా ట్యాంకు దగ్గర ఉన్నారు," అన్నాను. "అంటే హోటల్ దారి ఖాళీ. ఇంతకంటే మంచి సమయం రాదు. ట్రాలీ ఎక్కించండి."

చేతులు వాటంతట అవే కదిలాయి. హోటల్ ట్రాలీ అడుగున రెండు మూటలు, వాటి మధ్య గుమస్తా, పైన ఉతికిన దుప్పట్లు. నాలుగు వందల పద్దెనిమిది అతని ఛాతీ మీద. ఊపిరాడటానికి ఒక పక్క గుడ్డ వదులుగా ఉంచాను. తోటికోడలు డబ్బాలో దాచిన రెండు లీటర్ల పెట్రోలు పోసింది. మరిది కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నాడు. భార్య అతని మొహంలోకి చూసింది.

"ఇవెక్కడివి?"

"సాయంత్రం తిడుదువుగాని," అన్నాడు. నా వైపు తిరిగాడు. "వదినా, చేరగానే సున్..."

ఆగిపోయాడు.

"వద్దు," అన్నాను. "నా ఫోన్ ఇక్కడే కౌంటర్ మీద వెలుగుతూ ఉంటుంది. నేను ఇక్కడే కూర్చుని ఉన్నానని వాళ్ళు అనుకోవాలి. నువ్వు చేరావో లేదో, తిరిగొచ్చి నీ నోటితో చెబితేనే నాకు తెలుస్తుంది."

"అంతసేపు ఆగగలవా?"

మాస్టారు టైపు చేసిన మెసేజ్ తీసి, ఒక్కొక్క అక్షరం చెరిపేశాను.

"ఈ పదకొండు మందికీ సంగతి చెప్పాలి," అన్నాను. "మెసేజ్‌తో కాదు. మాస్టారూ, మీరు సగం, చెల్లి సగం. నడిచి వెళ్ళండి. తలుపు కొట్టి, లోపలికెళ్ళి, చెవిలో చెప్పండి. ఇకమీద ఎవరూ ఎవరికీ ఏమీ కొట్టకూడదు."

"సరే. కానీ ఏమని చెప్పాలి?" మాస్టారు నుదురు ముడుచుకుంది. "వీడు కాదు. నేను కాదు. ట్యాంకు సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు, అయినా వచ్చారు. మరి ఎవరమ్మా? ఎవరో తెలియకుండా రేపు మళ్ళీ ఎవర్ని నమ్మి ఎక్కడ దాస్తాం?"

మరిది బండి తలుపు పట్టుకుని ఆగాడు. "చెప్పు వదినా. నీకు తెలుసు. ఆ గదిలో బంకు మాట అనగానే నీ మొహం మారిపోయింది. చెప్పకపోతే నేను బండి తీయను. గంటలకొద్దీ నన్ను ఉడకబెట్టారు, ఆ మాత్రం హక్కు నాకుంది."

ట్రాలీలో దుప్పట్లు కదిలాయి. గుమస్తా కూడా వింటున్నాడు.

ఈ పొద్దున పట్టుకుపోయిన సైకిల్ షాపాయన గుర్తొచ్చాడు. ఆయన ఇద్దరు ఆడపిల్లలు. ఈ ఎనిమిది నెలల్లో మేం దాచినా పోలీసులకు చిక్కిన ఒక నర్సు, ఇద్దరు అన్నదమ్ములు. ప్రతి ఒక్కరికీ తోడు వెళ్ళినవాళ్ళకి గుమ్మంలో నిలబడి నేను చెప్పిన ఆఖరి మాట ఒకటే. మర్చిపోకు, చేరగానే కొట్టు.

"ఆ సున్నా ఎక్కడి నుంచి వస్తే పోలీసులు అక్కడికి వెళ్తున్నారు," అన్నాను. "అది కొట్టమన్నది మీరెవరూ కాదు. వాళ్ళు ఫోన్ తిరిగిచ్చినప్పుడు మురిసిపోయి జేబులో పెట్టుకున్నదీ మీరు కాదు. పదకొండు గడపల్లోనూ పేరు పెట్టే చెప్పండి మాస్టారూ, దాచొద్దు."

తోటికోడలు నా చెయ్యి పట్టుకోబోయింది. నేను వెనక్కి తీసుకున్నాను. గట్టిగా, రోలర్ చప్పుడు మీదుగా అందరికీ వినపడేటట్టు అన్నాను:

"పట్టించింది నేనే."